బొమ్మ వేషంలో ఉన్నదీ మనిషే!

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ కోటి విద్యల్లో కదలకుండా నిలబడడం కూడా ఒకటని నెల్లూరు జిల్లా పల్లెల వారికి మొదట తెలియజెప్పింది మద్రాసులోని గోల్డెన్ బీచ్.

ఇది 1980ల నాటి మాట. వరి కోతలు ముగిసి, ధాన్యం సొమ్ము చేతికంది, బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, పెద్ద ఊళ్ల నుంచి టూరిస్టు బస్సులు కదిలేవి. కంచి, మహాబలిపురం చూసుకుని, సముద్రపు గట్టున వచ్చే దారిలో వి.జి.పి. గోల్డెన్ బీచ్‌లో దిగి, పొద్దుగూకేసరికి మెరీనా చేరడం మామూలు. పులిహోర మూటలు, మరచెంబులు, సీట్ల కింద చుట్టిపెట్టిన చాపలు, ఒడిలో చంటిపిల్లలు. మద్రాసు 1996లో చెన్నై అయింది. గోల్డెన్ బీచ్ కూడా యూనివర్సల్ కింగ్‌డమ్ అని పేరు మార్చుకుంది. బస్సుల్లో పులిహోర మాత్రం మారలేదు.

ఆ పార్కులో దిగినవారి కాళ్లు ముందుగా ఆగేది ఒకే చోట. రాజభటుడి వేషం వేసుకుని ఒక మనిషి నిలబడి ఉండేవాడు. పలకడు, నవ్వడు, కదలడు. చూపు మరలదు. చెయ్యి మీద ఈగ వాలినా విదిలించడు. ఆయనను నవ్విస్తే బహుమానం అని పేరు.

"తాతా, అది బొమ్మా మనిషా?" అని పిల్లవాడు అడిగితే, "బొమ్మేలేరా, రంగు చూడు ఎట్టుందో" అని తాత తేల్చేసేవాడు. కాసేపు తేరిపార చూసి, "కాదురోయ్, ఊపిరి తీస్తా ఉండాడు!" అని ఆయనే రెండడుగులు వెనక్కు వేసేవాడు. ఆ క్షణంలో బస్సులోని వారంతా చుట్టూ మూగేవారు. ఒకరు ఏడుపు ముఖం పెట్టేవారు. ఒకరు కోతిలా గెంతేవారు. ఊళ్లో ఎవరినైనా నవ్వించగలనని పేరున్న హాస్యగాడు ముందుకొచ్చి, తన దగ్గరున్న సరుకంతా ఖర్చు పెట్టి, చివరకు తానే నవ్వేసి తప్పుకునేవాడు.

అంతవరకు తప్పేమీ లేదు. అది ఆటే. ఆ మనిషి ఒప్పుకుని నిలబడిన ఆటే. తప్పు ఆ తరువాత మొదలవుతుంది. మాటలతో నవ్వించలేని వారు చేతులకు పని చెబుతారు. ఒకడు గిచ్చుతాడు. ఒకడు చంక కింద చక్కిలిగింతలు పెట్టబోతాడు. తండ్రి చేసింది చూసి కొడుకు పుల్లతో పొడుస్తాడు. పక్కన ఉన్నవారు వద్దనకపోగా పకపక నవ్వుతారు.

అలాంటి గుంపులోనే ఒక ముసలమ్మ ఆ భటుడిని ఎగాదిగా చూసి, "ఈయన అన్నం ఎప్పుడు తింటాడు నాయనా?" అని బస్సు డ్రైవరును అడిగిందని ఆ రోజుల్లో వెళ్లి వచ్చినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. డ్రైవరు దగ్గర జవాబు లేదు. ఏడాదికి పది ట్రిప్పులు వేసినా ఆయనకు ఆ సంగతి తట్టలేదు.

లండన్ నుంచి వచ్చిన వేషం

ఆ పార్కు పెట్టిన వి.జి. పన్నీర్‌దాస్ పేరు పాతవారికి బాగా తెలుసు. రేడియోలు, గడియారాలు, ఫ్యాన్లు నెలవారీ వాయిదాల మీద అమ్మి, మామూలు సంసారుల ఇళ్లలోకి వాటిని చేర్చిన వ్యాపారి ఆయన. లండన్ వెళ్లినప్పుడు అక్కడి బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు శిలల్లా నిలబడే కావలి భటులను చూసి, ఆ తమాషాను తన పార్కులోకి తెచ్చారంటారు. ఆ కొలువును ఒకే మనిషి దశాబ్దాల తరబడి చేశాడని చెన్నై పత్రికలు పలుమార్లు రాశాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. లండన్‌లో నిలబడేవాడు నిజమైన సైనికుడు. చేతిలో ఉన్నది నిజమైన తుపాకీ. ఎవరైనా హద్దు మీరి మీదికి వస్తే గద్దించే అధికారం ఆయనకు ఉంది, వెనుక సర్కారు ఉంది. మద్రాసు భటుడికి ఉన్నది వేషం ఒక్కటే. గిచ్చితే ఓర్చుకోవడమే ఆయన ఉద్యోగం. అసలు వేషాన్ని తెచ్చుకున్నాం గాని, దాని వెనుక ఉన్న రక్షణను తెచ్చుకోలేదు.

సొమ్ము ఇచ్చి టికెట్టు కొన్నాం గనుక ఏం చేసినా చెల్లుతుందనే ధోరణి అప్పట్లో కొద్దిమందిలో కనిపించేది. ఇప్పుడది చాలామందికి పాకింది. చేతిలో సెల్‌ఫోను వచ్చాక మరీ పెరిగింది. నలుగురు ఏడిపిస్తుంటే ఐదోవాడు వీడియో తీస్తాడు.

మిక్కీ పక్కన పెద్దమ్మ

మన జిల్లా నుంచి చదువుకుని అమెరికా వెళ్లిన పిల్లలు తల్లిదండ్రులను రప్పించుకోవడం ఇప్పుడు పల్లెల్లోనూ వింత కాదు. కోవూరు, బుచ్చి, కావలి వైపు ఇళ్లలో గోడల మీద ఫొటోలు చూడండి. దేవుడి పటాల పక్కన, పెళ్లి ఫొటోల పక్కన ఒక కొత్త ఫొటో ఉంటుంది. నేత చీర కట్టుకుని, చలికి పైన స్వెట్టరు వేసుకున్న పెద్దమ్మ ఒకవైపు, పెద్ద చెవుల మిక్కీ మౌస్ మరొకవైపు. వినాయకుడి వాహనం కదా అని చెయ్యెత్తి దండం పెట్టినవారూ ఉన్నారు.

ఈ మిక్కీ అనే ఎలుక 1928లో సినిమా తెర మీదికి వచ్చింది. దాన్ని సృష్టించిన వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ అనే వినోదాల పార్కు తెరిచారు. తెర మీది బొమ్మలు నేల మీద నడుస్తూ పిల్లల చెయ్యి పట్టుకోవడం అక్కడి ప్రత్యేకత. ఇంత పేరు మోసిన ఆ పార్కుకు మొదట్లో సొంత వేషాలు కూడా సరిగా లేవు. మంచు మీద జారుతూ ఆటలాడే ఐస్ కెపేడ్స్ అనే కంపెనీ దగ్గర అరువు తెచ్చుకుని పని గడిపారు. తరువాత 1971లో ఫ్లోరిడాలో ఇంకా పెద్ద పార్కు వచ్చింది. 1983లో జపాన్‌కు, 1992లో ఫ్రాన్స్‌కు, ఆపైన చైనాకు విస్తరించింది.

అక్కడ మిక్కీని కలవాలంటే వరుసలో నిలబడాలి. తిరుమల క్యూలో గంటలు గడిపిన మనవారికి అదొక లెక్క కాదు. వంతు వచ్చినవారు దగ్గరకు వెళ్లి, కౌగిలించుకుని, ఫొటో తీయించుకుని పక్కకు తప్పుకోవాలి. వేషగాడి పక్కన ఎప్పుడూ ఒక తోడు మనిషి ఉంటాడు. ఎవరైనా మీద పడబోతే ఆపడం, పిల్లలను ఒకరి తరువాత ఒకరిని పంపడం ఆయన పని. కరోనా రోజుల్లో పార్కులు మూసి, తిరిగి తెరిచాక కూడా వేషాలను దూరం నుంచే చూడనిచ్చారు. కౌగిలింతలకు 2022 ఏప్రిల్‌లో గాని అనుమతి రాలేదు.

వేషాలు రెండు రకాలు. రాకుమార్తెల వంటి ముఖం కనిపించే వేషాల వారు మాట్లాడతారు. మిక్కీ వంటి నిండు ముసుగు వేషాల వారు నోరు విప్పరు. ఎంత మాట అన్నా సైగలతోనే సరి. తలకాయ తీసి ముఖం చూపడం అసలు కుదరదు. ఒకే మిక్కీ రెండు చోట్ల కనిపించకుండా కూడా జాగ్రత్త పడతారు. పిల్లల నమ్మకం చెదరకూడదన్నది వారి వాదన. ఆ వాదనలో నిజం ఉంది.

కాని ఆ ముసుగు దాచేది ముఖాన్ని ఒక్కదాన్నే కాదు. ఫ్లోరిడా పార్కులో వేషాలతో పాటు లోపల తొడుక్కునే లోదుస్తులు కూడా కంపెనీయే ఉమ్మడిగా ఇచ్చేది. ఈ రోజు ఒకరు తొడిగింది ఉతికి రేపు మరొకరికి. వాటివల్ల పేలు, గజ్జి అంటుకుంటున్నాయని పనివారు మొర పెట్టుకున్నారు. ఎవరి లోదుస్తులు వారికి ప్రత్యేకంగా కేటాయించడానికి కంపెనీ ఒప్పుకున్నది 2001లో, అదీ యూనియన్ గట్టిగా పట్టుబడితే. ప్రపంచంలోనే పెద్ద వినోదాల కంపెనీలో పనిచేసేవారికి తమకంటూ ఒక బనీను సంపాదించుకోవడానికి యూనియన్ కావలసి వచ్చింది! అప్పటికే అదే వేషాలను ఎన్ని లక్షల మంది పిల్లలు ముద్దాడి ఉంటారో.

కాలిఫోర్నియా పార్కులో వేషగాళ్లు, ఊరేగింపు కళాకారులు కలిసి సుమారు 1,700 మంది. 2024 మే నెలలో వీరు నటుల యూనియన్‌లో చేరాలా వద్దా అని ఓటు వేసుకున్నారు. అనుకూలంగా 953, వ్యతిరేకంగా 258 వచ్చాయి. అంటే 1955 నుంచి పిల్లలను నవ్విస్తున్న ఆ పార్కులో వేషగాళ్లు తమకొక యూనియన్ తెచ్చుకోవడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

పదహారు కిలోల వేషం

వేషం బయట నుంచి మెత్తగా, ముద్దుగా కనిపిస్తుంది. లోపల సంగతి వేరు. తలకాయ స్పాంజితోనో ఫైబరుతోనో చేసినది. గాలి ఆడదు. చూపు బొమ్మ కళ్లలో నుంచి కాక, చాలా వేషాల్లో నోటి దగ్గర పెట్టిన జాలీలో నుంచి. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. కాళ్ల దగ్గర ఉన్న చంటిపిల్ల కనిపించదు, వెనుక నుంచి తోక లాగేవాడు అసలే కనిపించడు. చేతికి బూరెల్లాంటి తొడుగులు. ముఖం మీద చెమట తుడుచుకోవడానికి కూడా వీలు లేదు.

జపాన్‌లో ఒసాకా దగ్గర హిరాకాటా అనే పార్కు ఉంది. 2019 జూలైలో అక్కడ 28 ఏళ్ల యువకుడు వేషం వేసుకుని నాట్యం సాధన చేశాడు. వేషం బరువు 16 కిలోలు. మండుటెండలో కూడా కాదు, సాయంత్రం దాటాక. సాధన చేసింది సుమారు 20 నిమిషాలు. తరువాత కుప్పకూలిపోయాడు. వడదెబ్బతో ప్రాణం పోయింది. 25 కిలోల బియ్యం బస్తా మోసిన ప్రతివారికీ 16 కిలోలు ఎంతో తెలుసు. బస్తాను దించుకోవచ్చు, వేషాన్ని అలా దించుకోలేం.

అది జపాన్ సాయంత్రం. ఇక నెల్లూరు జిల్లా మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బట్టల కొట్ల ప్రారంభోత్సవాలు. కల్యాణ మండపం గుమ్మంలో ఇప్పుడు పన్నీరు చల్లే ఆడపిల్లల పక్కన ఒక ఎలుగుబంటి వేషం ఉండవలసిందే. లేదా మిక్కీ, లేదా డోరేమాన్, లేదా ఛోటా భీముడు. ఈ భీముడు మన హైదరాబాదులో తయారై 2008లో టీవీకి ఎక్కినవాడు కాబట్టి కొంత నయం అనుకోవాలి.

పార్కుకు పోలేనివారి ఇంటికి పార్కే నడిచి వచ్చిందన్నమాట. అందులో తప్పు పట్టడానికి లేదు. పిల్లలు సంతోషిస్తారు. కాని ఆ ఎలుగుబంటి లోపల ఉన్నది ఎవరు? ఏ పొదలకూరు వైపు ఊరి నుంచో, ఏ ఆత్మకూరు మెట్ట నుంచో పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రవాడు. ఇంటర్ తప్పినవాడు కావచ్చు, డిగ్రీ చదువుతూ ఫీజు కోసం వచ్చినవాడు కావచ్చు. కూలి ఈవెంట్ల వాళ్లు మాట్లాడుకున్నంత. పొద్దున పదికి తలకాయ తగిలించుకుంటే భోజనాలు అయ్యేదాకా గుమ్మంలో నిలబడాలి. వచ్చినవారు భుజం మీద చెయ్యి వేసి ఫొటోలు తీయించుకుంటారు, పిల్లలు కాళ్లకు చుట్టుకుంటారు, తాగి వచ్చిన చుట్టం ఒకడు తలకాయ పీకి చూస్తానంటాడు. భోజనాలకు పిలిచేవారు అందరినీ పిలుస్తారు, ఎలుగుబంటిని పిలవడం మరిచిపోతారు. బొమ్మకు ఆకలేమిటి?

పగటి వేషాల నాడు

వేషగాడు మన పల్లెలకు కొత్తవాడు కాడు. పార్కులు, మండపాలు రాకముందే పగటి వేషాల వారు ఊరి వీధుల్లో తిరిగారు. ఈ కళలో కూచిపూడి భాగవతులకు పేరు. సంచార జాతుల వారూ దీన్నే నమ్ముకుని ఊళ్లు తిరిగారు. సోమయాజులు, సోమిదేవమ్మ వేషం ఒకనాడు, కోయదొర ఒకనాడు, సింగి సింగడు ఒకనాడు, పిట్టలదొర కోతలు ఒకనాడు. అన్నింటికన్నా గొప్పది అర్ధనారీశ్వర వేషం. ఒకే మనిషి ముఖంలో సగం మీసం, సగం కుంకుమ. మధ్యలో తెర పట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. గొంతు కూడా వెంటనే మారాలి.

వీరి పద్ధతి చూడండి. ఊళ్లోకి రాగానే పెద్దలకు చెప్పుకుని, రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ రోజుల్లో ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. చివరి రోజున వేషాలన్నీ అయిపోయాక, తమ పేరు, తమ ఊరు చెప్పుకుని సంభావనకు వచ్చేవారు. ఇచ్చేవారు బియ్యమో, పాత పంచో, రూపాయో ఇచ్చి, "మొన్న సింగడివి నువ్వేనా? మా కోడలు నవ్వలేక చచ్చింది" అని పలకరించేవారు. వేషంలో ఉన్నప్పుడు వేషాన్ని చూసి నవ్వారు. వేషం తీశాక మనిషిని మనిషిగా చూశారు.

అలాగని పాత రోజులన్నీ బంగారం అనడానికి లేదు. సంభావన పేరుతో గుమ్మంలో గంటల తరబడి నిలబెట్టినవారు అప్పుడూ ఉన్నారు. కులం చూసి అరుగు ఎక్కనివ్వనివారు ఉన్నారు. పీర్ల పండుగకు పులివేషం కట్టినవాడి ఒళ్లంతా రంగు మండిపోతుంటే, ఇంకో నోటు నేల మీద పడేసి నాలుకతో తియ్యమన్నవారూ ఉన్నారు. ఆ రంగు వదిలించుకోవడానికి రాత్రి కిరసనాయిలు పెట్టి రుద్దుకునేటప్పుడు వాడి పక్కన భార్య తప్ప ఎవరూ ఉండరు. అయినా ఆ పులి ఎవరో ఊరందరికీ తెలుసు. ఫలానా వాడి కొడుకు ఈసారి బాగా ఆడాడని చెప్పుకునేవారు. వాడు ఒళ్లు తెలియక పడిపోతే మోసుకుపోయే చేతులు నాలుగు ఉండేవి.

ఇప్పటి ఎలుగుబంటి పేరు ఎవరికి తెలుసు? పడిపోతే నాటకం అనుకుంటారేమో!

పిల్లలకు ముందే చెప్పి తీసుకుపోవాలి

లోపల మనిషి ఉన్నాడని చెబితే పిల్లల ఆనందం పోదా అని కొందరు అడుగుతారు. సింగడు మనిషేనని తెలిసిన పిల్లలు నవ్వడం మానారా? తోలుబొమ్మల వెనుక దీపం ఉందని, బొమ్మలాడించే వారు ఉన్నారని తెలిసిన పిల్లలు తెల్లవార్లూ కూర్చుని చూడలేదా? పిల్లలకు రెండూ ఒకేసారి తెలుసు. ఆ తెలివి పెద్దలకే తగ్గుతోంది.

డబ్బిచ్చి తెచ్చుకున్నాం, కాసేపు ఆడిస్తే తప్పేమిటనే మాట కూడా వినిపిస్తోంది. డబ్బిచ్చింది వేషానికి. గిచ్చడానికి, తలకాయ లాగడానికి కాదు. దుక్కికి కూలి ఇచ్చినంత మాత్రాన ఎద్దును ముల్లుకర్రతో అదే పనిగా పొడిచేవాణ్ణి ఊరు మెచ్చుకోదు. మనిషి విషయంలో మెచ్చుకోవడం ఏమిటి?

పార్కుకు బయలుదేరే ముందు బస్సులోనే పిల్లలకు ఒక మాట చెప్పడం కష్టమేమీ కాదు. వేషం దగ్గరకు ముందు వైపు నుంచే పోవాలి, వెనుక నుంచి పోతే ఆయనకు కనిపించదు. చెయ్యి చాపితే ఆయనే పట్టుకుంటాడు. ముఖ్యంగా భయపడి ఏడుస్తున్న చంటిబిడ్డను ఫొటో కోసం బలవంతంగా ఆ వేషం చేతుల్లోకి నెట్టడం మానుకోవాలి. మూడేళ్ల బిడ్డకు అది తనకన్నా నాలుగింతలున్న ఎలుక. ఏడవక ఏం చేస్తుంది? తల్లి ఫొన్లో మాత్రం అది తీపి గురుతు. కాసేపు దూరంగా ఎత్తుకుని చూపిస్తే, చాలామంది పిల్లలు తామే దిగి నడిచి వెళ్తారు.

ఇక మండపాల యజమానులు, ఈవెంట్లు కుదిర్చేవారు చేయవలసింది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక వేషానికి ఇద్దరు కుర్రవాళ్లను పెట్టి వంతులు మార్చవచ్చు. అమెరికా పార్కుల్లో కొద్దిసేపు బయట, కొద్దిసేపు లోపల నీడన అని వంతుల పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కుండెడు నీళ్లు, ఒక ఫ్యాను, తలకాయ తీసి కూర్చోవడానికి నలుగురి కంట పడని ఒక గది. పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో నిలబెట్టకపోవడం. వేషాన్ని వాడిన ప్రతిసారీ ఉతికి ఆరబెట్టడం. గుంపు ఎక్కువగా ఉన్నచోట పక్కన ఒక తోడు మనిషి. కూలి ఆ పూటకు ఆ పూట చేతిలో పెట్టడం. భవన నిర్మాణ కూలీల దగ్గరకు, హోటల్ పిల్లల దగ్గరకు తనిఖీకి వెళ్లే కార్మిక శాఖ వారు ముహూర్తాల రోజుల్లో ఒకసారి మండపాల గుమ్మాల దగ్గర కూడా ఆగి చూడడం అవసరం. వినోదాల పార్కుల వారు "వేషధారులను ముట్టుకుని ఇబ్బంది పెట్టవద్దు" అని గేటు దగ్గర తెలుగులోనూ ఒక బోర్డు పెడితే, చెన్నైకి పోయే మన బస్సుల వారికి చదువుకునే వీలుంటుంది.

అయితే బోర్డులు, తనిఖీలు వచ్చేదాకా ఆగనక్కరలేదని కోవూరు వైపు ఒక పల్లెలో మొన్నటి వేసవిలో జరిగిన పుట్టినరోజు చూసినవారు చెబుతున్నారు. పట్నం నుంచి ఎలుగుబంటిని తెప్పించారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఎలుగుబంటి కనిపించకుండా పోయింది. వెతికితే వంటల పందిరి వెనుక, వేపచెట్టు నీడలో కూర్చుని ఉంది. తలకాయ పక్కన పెట్టి ఉంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రవాడు, జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయి. ఇంటి అవ్వ ఆయన ఎదుట పీట వేసుకుని కూర్చుని, ఉప్పు వేసిన మజ్జిగ పోస్తూ, ఏ ఊరని, అమ్మానాన్న ఉన్నారా అని అడుగుతోంది. వెతుక్కుంటూ వచ్చిన ఐదేళ్ల మనవడు అక్కడే ఆగిపోయాడు. ఒకసారి కింద ఉన్న తలకాయ వైపు, ఒకసారి కుర్రవాడి ముఖం వైపు చూశాడు. ఏడుస్తాడేమోనని అవ్వ కంగారు పడింది.

వాడు ఏడవలేదు. దగ్గరకు పోయి, "ఎలుగుబంటన్నా, ఇంకో గ్లాసు తెచ్చేదా?" అని అడిగాడు.